పై రెక్క ఆఖరున

(ప్లాస్టిక్ విమానాల మోడల్స్ చేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం ఒక ఆదివారం ఉదయం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను చూపించబోయేవన్నీ జానెడు వస్తువులు. అక్కడికి కనబడవు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో జెట్ విమానం మోడల్ చేసినవాళ్లు ఎంతమంది? మిగ్ కావచ్చు, మిరాజ్ కావచ్చు. చాలా చేతులే లేచాయి. సరే, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానం, పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, మధ్యలో తీగలు ఉండేది, అది మొదలుపెట్టినవాళ్లు? ఐదుగురు. పూర్తి చేసినవాళ్లు? ఒక్కరు. ఆ మిగతా నలుగురి కోసమే నేను ఇవాళ వచ్చాను. ఆ పెట్టెలు మీ ఇంట్లో అలమర పైన ఎక్కడో ఉంటాయి, నాకు తెలుసు. వాటిని మళ్లీ కిందికి దింపించాలని నా కోరిక.

నా మొదటి రెండు రెక్కల విమానం సాప్‌విత్ క్యామెల్. కిట్, అంటే విడి ముక్కల పెట్టె, దానితో వచ్చిన కాగితంలో ఒకటి, రెండు, మూడు అని ఎలా ఉంటే అలా అతికించుకుంటూ వెళ్లాను. రెండు రెక్కలూ పెట్టేశాక రంగు డబ్బా తెరిచాను. రెక్కల మధ్యకి కుంచె వెళ్లదు. వెళ్లినా కర్రలకి తగులుతుంది. ఎలాగో రంగు వేసి తీగలు కట్టడం మొదలుపెడితే, ఎడమవైపు దారం లాగేసరికి పై రెక్క ఎడమకి ఒరిగింది. కుడివైపు లాగాను, ఒక కర్ర ఊడింది. ఆ తర్వాత రెండేళ్లు ఆ కాలపు విమానం జోలికే పోలేదు. ఆ రెండేళ్ల తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, పని చేతకాక కాదు, వరస తప్పడం వల్ల అలా జరిగింది. జెట్ చేసే వరసలో దీన్ని చేయకూడదు. దీని వరస వేరు. ఆ వరస ఎక్కడి నుంచి వస్తుంది? అసలు విమానాన్ని ఎలా కట్టారో అక్కడి నుంచి వస్తుంది.

అందుకని జిగురు గురించి మాట్లాడే ముందు కొంచెం సేపు అసలు విమానం గురించి చెబుతాను. ఓపిక పట్టండి.

1914లో ఇంజన్లకి బలం తక్కువ. ఎనభై, వంద హార్స్‌పవర్ అంటే పెద్ద మాట. ఆ బలంతో మనిషినీ తుపాకీనీ పైకి లేపాలంటే విమానం చాలా తేలిగ్గా ఉండాలి. అందుకని కర్రతో చట్రం కట్టారు, దాని మీద నార బట్ట తొడిగారు, బట్ట బిగుసుకోవడానికి డోప్ అనే ద్రవం పూశారు. సన్నటి కర్ర రెక్క ఒక్కటే అయితే గాలి ఒత్తిడికి విరిగిపోతుంది. రెండు రెక్కలు ఒకదానిపై ఒకటి పెట్టి, మధ్యలో నిలువు కర్రలు నిలబెట్టి, ఆ గళ్లలో ఐమూలగా తీగలు బిగిస్తే? వంతెనకి ఉండే బలం వస్తుంది. మన పెళ్లి పందిరి చూడండి. నాలుగు గుంజలు పాతి పైన అడ్డకర్రలు వేస్తే నిలబడుతుంది కానీ చేత్తో తోస్తే పక్కకి ఊగుతుంది. మూల నుంచి మూలకి ఒక్క తాడు బిగించి కట్టండి, ఊగదు. విమానం మీద తీగలు చేసే పని అదే.

ఆ తీగలు కూడా రెండు రకాలు. కింద బాడీ దగ్గర మొదలై బయటివైపు పై రెక్కకి ఎక్కేవి ఒకటి. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి లేచిపోకుండా పట్టుకునేవి అవి. ఫ్లయింగ్ వైర్లు అంటారు, చాలా విమానాల్లో జంటగా ఉంటాయి. పైన మధ్యలో మొదలై బయటివైపు కింది రెక్కకి దిగేవి రెండోవి. నేల మీద నిలబడ్డప్పుడు రెక్కల బరువు మోసేవి, ల్యాండింగ్ వైర్లు. ఇది ఎందుకు చెబుతున్నాను? ఇది తెలిస్తే ఏ కిట్ అయినా, ఆ కాగితంలో బొమ్మ ఎంత గజిబిజిగా ఉన్నా, ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో మీరే చెప్పగలరు. బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఈ డోప్ పూసే పని ఫ్యాక్టరీల్లో చాలావరకు ఆడవాళ్లు చేసేవారు. యుద్ధం మొదట్లో బ్రిటన్‌లో వాడిన డోప్‌లో టెట్రాక్లోరోఈథేన్ ఉండేది. దాని ఆవిరి పీల్చి కొందరికి కామెర్లు వచ్చాయి, కొందరు చనిపోయారు. మనం వాడే జిగురు, థిన్నర్ అంత ప్రమాదకరం కాదు. అయినా కిటికీ తెరిచి పని చేయండి. ఏసీ వేసుకుని తలుపులు మూసుకుని లాకర్ రంగులు, అంటే ఘాటైన థిన్నర్‌తో కలిపే రంగులు, కొట్టొద్దు. పిల్లలతో వచ్చిన అమ్మానాన్నలకి ఇది గట్టిగా చెబుతున్నాను.

సరే, మొదటి కిట్ ఏది కొనాలి? అందరూ నన్ను అడిగేది ఇదే. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఫోకర్ డీఆర్ 1 కొనండి. మూడు రెక్కలది. మూడు రెక్కలా అని భయపడకండి. ఫోకర్ కంపెనీవాళ్లు రెక్క లోపల మందమైన పెట్టె లాంటి దూలం పెట్టి, రెక్క తనంతట తానే నిలబడేలా కట్టారు. అందుకని రెక్కల మధ్య తీగలు లేవు. బాడీకి పై రెక్కకి మధ్య ఉండే కర్రల దగ్గర ఒక ఐమూల జత, చక్రాల కర్రల దగ్గర ఒక జత, తోక దగ్గర కంట్రోల్ తీగలు. అంతే. మొదటి మోడల్‌కి అంత చాలు. 1/48 స్కేలులో, అంటే అసలు విమానంలో 48వ వంతు సైజులో తీసుకుంటే పై రెక్క 15 సెంటీమీటర్లు వస్తుంది. 1/72 అయితే 10. మొదటిసారికి 48దే తీసుకోండి. చిన్నది సులువు అనుకుంటారు, కాదు. చిన్నదానిలో కర్రలు అగ్గిపుల్లలో సగం కూడా ఉండవు.

డీఆర్ 1 అనగానే ఎర్ర విమానం, జర్మన్ పైలట్ రిక్తోఫెన్ గుర్తొస్తాడు. ఆయన పేరు మీద ఉన్న 80 విజయాల్లో, అంటే కూల్చిన శత్రు విమానాల్లో, ఈ మూడు రెక్కల విమానం మీద వచ్చినవి దాదాపు నాలుగో వంతే. 1918 ఏప్రిల్ 21న ఆయన చనిపోయింది మాత్రం ఇందులోనే. మీకు ఎరుపు ఇష్టమైతే చేయండి. నేనైతే మొదటిసారికి మామూలు రంగుది చేయమంటాను. ఎందుకంటే ఫ్యాక్టరీలో ఆ విమానానికి రంగు వేసిందే కుంచెతో. ఉతకని నార బట్ట రంగు మీద, ముదురు ఆకుపచ్చని కుంచెతో గీతలు గీతలుగా లాగారు. కింద లేత నీలం. అంటే మీ కుంచె గీతలు కనబడితే తప్పు కాదు, కనబడాలి! స్ప్రే గన్ కొనే ఖర్చు లేకుండా, అసలుకి దగ్గరగా వచ్చే రంగు చాలా తక్కువ విమానాలకే ఉంది. గీత వేసేటప్పుడు కుంచెలో రంగు తక్కువ ఉండాలి. పాత గుడ్డ మీద తుడిచి, సగం ఎండిన కుంచెతో లాగండి. బాడీ మీద, రెక్కల మీద గీతలు వాలుగా వస్తాయి. పాత ఫోటోలు చూసి చేయండి.

ఈ డీఆర్ 1 గురించి ఇంకో కథ చెప్పాలి. 1917 అక్టోబరు ఆఖర్లో రెండు రోజుల్లో రెండు విమానాలు గాల్లో ఉండగా పై రెక్కలు విడిపోయి కూలాయి. ఒకదానిలో ఉన్నది హైన్రిక్ గాంటెర్మాన్, పేరున్న పైలట్. అన్నిటినీ నేల మీద ఆపి రెక్కలు విప్పి చూశారు. లోపల తేమ చేరి జిగురు అతుకులు పాడయ్యాయి, పని కూడా నాసిగా చేశారు. మళ్లీ లోపల వార్నిష్ పూసి, అతుకులు బాగుచేసి పంపారు. కర్ర, జిగురు, తేమ. వందేళ్ల కిందటి ఆ మాట నేను ప్రతి వానాకాలం గుర్తు చేసుకుంటాను.

ఎందుకంటే మన దగ్గర తేమ మామూలు విషయం కాదు. విశాఖపట్నం, కాకినాడ నుంచి వచ్చినవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. వాన పడే రోజు లాకర్ రంగు గానీ వార్నిష్ గానీ కొడితే పాలు పోసినట్టు తెల్లగా అవుతుంది. ఆ రోజు రంగు వేయకండి. కోయడం, రుద్దడం లాంటి పనులు పెట్టుకోండి. సూపర్ గ్లూ తేమలో ఇంకా తొందరగా పట్టేస్తుంది. దాని ఆవిరి చుట్టుపక్కల అంటుకుని పారదర్శకంగా ఉండాల్సిన అద్దం మసకబారుతుంది. పైలట్ ముందు ఉండే ఆ చిన్న అద్దానికి ఫెవికాల్ చాలు. ఎండాక కనబడదు.

ఇక పనిలోకి వద్దాం. ముక్కలున్న చట్రాన్ని, స్ప్రూ అంటాం, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. ముక్కని చట్రం నుంచి ఒకేసారి అంచుకి ఆనించి కోయొద్దు. కొంచెం దూరంగా కోసి, తర్వాత మిగిలిన మొటిమని బ్లేడుతో తీసి, 600 నంబరు నీళ్ల పేపరుతో రుద్దండి. కర్రలకి ఇది మరీ ముఖ్యం. స్ట్రట్‌లు అంటాం కదా, రెక్కల మధ్య కర్రలు, అవి విరిగేది ఎగిరేటప్పుడు కాదు, చట్రం నుంచి కోసేటప్పుడే.

కాక్‌పిట్ గురించి ఎక్కువ చెప్పను. సీటు, బెల్టు, పక్కల చట్రం. మూసేశాక కనబడేది కొంచెమే. కర్ర రంగు ఎలా తెప్పించాలో ఒక్కటి చెబుతాను, ప్రొపెల్లర్‌కి కూడా పనికొస్తుంది. ముందు లేత గోధుమ రంగు యాక్రిలిక్ వేసి బాగా ఎండనివ్వండి. దాని మీద బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ ఆయిల్ కలర్, బొమ్మలు వేసేవాళ్ల షాపులో గొట్టం దొరుకుతుంది, చాలా కొంచెం పూసి, గట్టి వెంట్రుకల కుంచెతో ఒకే దిశలో లాగండి. కర్ర గీతలు వస్తాయి. ఎండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎండనివ్వండి. ఇదొక్కటి నేర్చుకుంటే చాలు, మీ మోడల్ చూసినవాళ్లు ముందుగా ముట్టుకోవాలనుకునేది ప్రొపెల్లర్‌నే.

ఇప్పుడు అసలు మాట. వరస. ఇది రాసుకోండి. బాడీ, కింది రెక్క, తోక అతికించండి. పై రెక్కని విడిగా ఉంచండి. కర్రల్ని విడిగా ఉంచండి. ఇంజన్, చక్రాలు విడిగా ఉంచండి. అన్నిటికీ రంగు విడివిడిగానే వేయండి. డికాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు, అవి కూడా అప్పుడే అతికించండి. తీగలకి రంధ్రాలు కూడా అప్పుడే, రెక్క చేతిలో విడిగా ఉన్నప్పుడే వేయండి. అన్నీ అయ్యాక, అంతా అయ్యాక, పై రెక్క ఆఖరున. పై రెక్క ఆఖరున! ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు. డీఆర్ 1కి మధ్య రెక్క కూడా ఉంది కాబట్టి దాన్ని కిందవాటితో పాటు పెట్టండి, పైది మాత్రం ఆఖరునే.

పై రెక్క పెట్టేటప్పుడు మనకి రెండు చేతులే ఉంటాయి, పట్టుకోవాల్సిన కర్రలు నాలుగో ఆరో ఉంటాయి. అందుకని ఒక చట్రం చేసుకోవాలి. ఇంట్లో పాత పెళ్లి పత్రికలు ఉంటాయి కదా? ఆ మందపాటి అట్ట దీనికి చాలా మంచిది. కిట్ కాగితంలో ముందు నుంచి చూసే బొమ్మ ఉంటుంది, దాన్ని మోడల్ సైజుకి జెరాక్స్ తీసి, అట్ట మీద అతికించి, రెక్కలు కూర్చునేలా గాట్లు కోయండి. ఇలాంటివి రెండు, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. మోడల్‌ని వాటిలో నిలబెట్టి పై రెక్క పెడితే ఒరగదు. జిగురుకి సూపర్ గ్లూ వాడకండి. అది అంటుకుందంటే అంటుకున్నట్టే, సర్దుకునే సమయం ఇవ్వదు. ప్లాస్టిక్ సిమెంట్, కొంచెం చిక్కగా ఉండేది, సూదితో చుక్క చుక్కగా పెట్టండి. అతుకు దగ్గర రంగు గీకేయడం మర్చిపోవద్దు, సిమెంట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది, రంగుని కాదు. ముందు మధ్య కర్రలు పెట్టి, అవి పట్టుకున్నాక బయటి కర్రలు. తర్వాత రాత్రంతా దాన్ని ముట్టుకోవద్దు. నిజంగా ముట్టుకోవద్దు.

తీగలు. అందరికీ టెన్షన్ ఇక్కడే. అసలు విమానంలో తీగ ఐదారు మిల్లీమీటర్ల మందం అనుకుంటే, 1/72లో అది ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. అంటే దాదాపు మన తలవెంట్రుక. అందుకని మామూలు కుట్టు దారం వాడితే తాడులా కనబడుతుంది, పైగా నూగు ఉంటుంది. టైలరింగ్ సామాన్ల షాపులో పారదర్శక నైలాన్ దారం అడగండి. లేదా సన్న ఎలాస్టిక్ దారం తెప్పించుకోండి. కొత్తవాళ్లకి ఎలాస్టిక్ మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చేయి తగిలినా తెగదు, మళ్లీ బిగుసుకుంటుంది, రెక్కని కూడా లాగేయదు. డబ్బు ఖర్చు లేని దారి ఇంకోటి ఉంది. మిగిలిన స్ప్రూ ముక్కని కొవ్వొత్తి మంటకి పైన, మంటలో కాదు, తిప్పుతూ వేడి చేసి మెత్తబడగానే నెమ్మదిగా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. ఎంత తొందరగా లాగితే అంత సన్నం. దాన్ని కొలిచి కోసి ఫెవికాల్ చుక్కతో పెట్టొచ్చు. కొంచెం వదులుగా ఉంటే వెలిగించిన అగరుబత్తిని దగ్గరికి, తగలకుండా, తీసుకెళ్లండి. వేడికి ముడుచుకుని బిగుసుకుంటుంది. దగ్గరికి మరీ వెళ్తే తెగిపోతుంది, కాబట్టి ఒక ముక్క మీద ముందు చేసి చూడండి.

రంధ్రాలకి 0.3 మిల్లీమీటర్ల బిట్ కావాలి. కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే గల్లీల్లో సర్క్యూట్ బోర్డులకి వాడే బిట్లు అడిగి చూడండి. చేత్తో తిప్పే చిన్న హోల్డర్‌లో పెట్టి, మెల్లగా. పై రెక్కకి కింది వైపు సగం లోతు వరకే వేయండి, పైకి పొడుచుకు రాకూడదు. దారం చివర్లు పై రెక్కకి ముందే అతికించి వేలాడనివ్వండి, రెక్క పెట్టాక ఒక్కొక్కటీ కిందికి తీసుకురండి. మధ్య నుంచి బయటికి వెళ్లాలి. ఎడమ ఒకటి, కుడి ఒకటి, మళ్లీ ఎడమ. ఒకవైపు అన్నీ పూర్తి చేసి రెండోవైపుకి వెళ్తే ఏమవుతుందో నా క్యామెల్ కథలో విన్నారు.

బాబూ, నువ్వు ఏదో అడగాలని చేయి ఎత్తావు... మంచి ప్రశ్న. రెక్కల మీద రంగు ఊడి వెండి రంగు కనబడేలా చేయొచ్చా అని అడుగుతున్నాడు. చేయకూడదు నాన్నా. ఆ రెక్క మీద ఉన్నది బట్ట. బట్ట కింద కర్ర. ఎంత అరిగినా లోహం కనబడదు. ఇంజన్ చుట్టూ ఉన్న రేకు మీద మాత్రం వెండి గీతలు వేసుకో. రెక్కల మీద, బాడీ కింద ఏం వేయాలంటే నూనె మరకలు. డీఆర్ 1లో ఉన్నది రోటరీ ఇంజన్. అందులో ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది, ఆముదం కందెనగా పోసేవారు, కాలీకాలని ఆ ఆముదం వెనక్కి చిమ్మేది. అవును, మన ఆముదమే. గోధుమ రంగు ఆయిల్ కలర్ పలచగా కలిపి, ఇంజన్ వెనక, బాడీ అడుగున పూస్తే అదే నిజం.

మొదటిది అయ్యాక రెండోది ఏది? ఎస్‌ఈ 5ఏ, బ్రిటన్‌వాళ్ల రెండు రెక్కల యుద్ధ విమానం. ఇందులో తీగలు పూర్తిగా ఉంటాయి, కానీ కర్రలు గట్టిగా, లెక్క తెలిసేలా ఉంటాయి. దాని పై రంగు పీసీ 10 అంటారు, పసుపు మట్టి రంగు, మసి కలిపి చేసింది. ఆకుపచ్చా, గోధుమా అని మోడలర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. కొత్తగా ఉన్నప్పుడు ఒకలా, ఎండకి ఎండాక ఒకలా ఉండేది కాబట్టి మీరు దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు. నేను ఈ విమానం చెప్పడానికి కారణం ఒక మనిషి. ఇంద్రలాల్ రాయ్. కలకత్తాలో పుట్టాడు. 1918 జూలైలో, రెండు వారాలు కూడా నిండకుండా, పది విజయాలు సాధించాడు ఈ ఎస్‌ఈ 5ఏ మీద. జూలై 22న ఫోకర్ డీ 7 అనే జర్మన్ విమానాలతో పోరాటంలో చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. ఇక్కడ కూర్చున్న ఇంజనీరింగ్ పిల్లల వయసు. నేను ఆ కాక్‌పిట్‌కి బెల్టు పెట్టేటప్పుడు అది మనసులో ఉంటుంది. అదే రోజుల్లో హర్‌దిత్ సింగ్ మాలిక్ తలపాగా మీద పెద్ద హెల్మెట్ పెట్టుకుని క్యామెల్ నడిపాడు. ఆయన బతికాడు, తర్వాత మన దేశానికి రాయబారిగా పనిచేశాడు.

ఇంకొక్క విమానం, ఆపేస్తాను. ఇది మన ఊరికి సంబంధించింది. డీహెచ్ 9ఏ, రెండు సీట్ల బాంబర్, 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజన్. ఆ విమానాలు మొదట అందిన బ్రిటిష్ స్క్వాడ్రన్ 110 నంబరుది. ఆ స్క్వాడ్రన్ విమానాలు కొనడానికి డబ్బు ఇచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. వాటిలో ఒకటి, ఎఫ్ 1010, 1918 అక్టోబరులో జర్మనీ వైపు దిగిపోయి పట్టుబడింది. బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు, తర్వాత పోలండ్ చేరింది, 1977లో ఇంగ్లండుకి తిరిగి వచ్చింది. ఇప్పుడు రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ డబ్బుతో కట్టిన విమానం.

మొదటి మోడల్‌గా దీన్ని చేయొద్దు. ఒక్కోవైపు కర్రలు రెండు వరసలు, తీగలు లెక్కకి మిక్కిలి. మూడోదో నాలుగోదో చేయండి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే, ఇవాళ వెంట తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. రంగు అయింది, డికాల్స్ అయ్యాయి, పై రెక్క ఇంకా పెట్టలేదు. దారాలు రెక్క కింద వేలాడుతున్నాయి, రంధ్రాలు కనబడతాయి, దగ్గరికి వచ్చి చూడండి. పక్కన ఒక పాత కిట్ ముక్కలు, బిట్, దారం కూడా పెట్టాను, ఎవరైనా ఒక తీగ కట్టి చూడొచ్చు. పిల్లలు ముందు రండి, బల్ల మాత్రం కదపొద్దు.